కలివికోడిని లోకానికి చెప్పిన డాక్టరు

మన గోడ పత్రికలో ఇప్పటిదాకా కవుల జీవితాలు వచ్చాయి, సంఘ సంస్కర్తల జీవితాలు వచ్చాయి. ఈసారి నేను ఒక డాక్టరు గురించి రాస్తున్నాను. ఆయన తెలుగువారు కారు, మన దేశం వారు కూడా కారు. చనిపోయి 150 ఏళ్ళు దాటింది. పేరు థామస్ కేవర్‌హిల్ జెర్డన్. పిట్టలను చూడ్డానికి పొద్దున్నే కెమెరా, దుర్భిణి తగిలించుకుని పోయేవాళ్ళలో ఈ పేరు తెలియనివాళ్ళు ఉండరు. మన తెలుగు డిపార్ట్‌మెంటుకు ఈయనతో ఏం పని అని మీరు అడగొచ్చు. పని ఉంది. ఆయన రాసిన పెద్ద పుస్తకంలో ఒక్కో పిట్ట వివరం దగ్గర, దొరికినంతవరకు, దాని హిందీ పేరు, తమిళం పేరు, తెలుగు పేరు కూడా రాసిపెట్టారు. ఆ తెలుగు పేర్లు పుస్తకాల్లోంచి ఎత్తినవి కావు. అడవిలో, పొలంలో తిరిగే మనుషుల నోటినుంచి విని రాసుకున్నవి.

నాకు దీనిమీద ఎందుకు ఇంత పట్టింపు అంటే, మాది నాగలాపురం. కోవిల్‌పట్టి, విరుదునగర్ వైపు నల్లరేగడి సీమ. మా ఇళ్ళల్లో తెలుగు మాట్లాడతాం, గడప దాటితే తమిళం. బడిలో తెలుగు అక్షరం చూడకుండానే పెద్దవాళ్ళైన వాళ్ళు మా ఊళ్ళో ఎక్కువ. మా చేలో ఒక పిట్ట అరిస్తే మా అవ్వ తీతువు అంటుంది, నేను ఆళ్‌కాట్టి అంటాను, మా తమ్ముడు ఫోనులో చూసి ఇంగ్లీషు పేరు చెప్తాడు. మూడు తరాలు, మూడు పేర్లు, పిట్ట మాత్రం ఒకటే. అవ్వ తర్వాత ఆ మొదటి పేరు ఎవరు పలుకుతారు? ఈ ఆలోచన ఉన్నవాళ్ళకు జెర్డన్ జీవితం వట్టి సైన్సు పాఠంగా అనిపించదు.

జెర్డన్ 1811 అక్టోబరు 12న ఇంగ్లండు ఉత్తర భాగంలో డర్హమ్ సీమలో పుట్టారు. చదువు స్కాట్లండులోని ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో. వైద్యం చదివి, 1835లో ఈస్టిండియా కంపెనీ కొలువులో అసిస్టెంట్ సర్జన్‌గా చేరారు. 1836 ఫిబ్రవరిలో మద్రాసు రేవులో ఓడ దిగారు. అప్పటికి ఆయన వయసు 24. మన క్లాసులో కొందరికి అన్నయ్య వయసు అనుకోండి. మొదటి పని గంజాం ప్రాంతంలో. అక్కడ జ్వరంతో, రక్త విరేచనాలతో పడి ఉన్న సిపాయిలకు మందులివ్వాలి. తూర్పు కనుమల అడవులను ఆయన మొదట చూసింది ఆ పనిమీదే. ఆ తర్వాత 1837లో తిరుచ్చిలో గుర్రపుదళం డాక్టరయ్యారు. అక్కణ్ణించి దళంతోపాటు దక్కనులో జాల్నాకు వెళ్ళారు.

ఆ కాలంలో పటాలం డాక్టరు బతుకంటే ఒకచోట నిలిచేది కాదు. దండు ఎక్కడికి కదిలితే అక్కడికి. చాలామందికి అది విసుగు. జెర్డన్‌కు మాత్రం ఆ తిరుగుడే కలిసొచ్చింది. దారిలో ఏ పిట్ట కనబడితే దాని ఒళ్ళు కొలుచుకోవడం, తిండి చూడ్డం, కూత వినడం, అక్కడివాళ్ళు ఏమంటారో అడిగి రాసుకోవడం. ఇక్కడ ఒక సంగతి దాచకుండా చెప్పాలి. అప్పట్లో పిట్టను తెలుసుకోవడం అంటే తుపాకీతో కొట్టి, తోలు ఒలిచి, ఎండబెట్టి దాచుకోవడమే. దుర్భిణితో దూరంనుంచి చూసి గుర్తుపట్టి వదిలేసే పద్ధతి తర్వాత వచ్చింది. జెర్డన్ కూడా ఆ కాలం మనిషే.

1839లో ఆయన దక్షిణ భారతదేశపు పక్షుల జాబితా ఒకటి మద్రాసు పత్రికలో వరసగా అచ్చువేయడం మొదలుపెట్టారు. అందులో సుమారు 420 రకాలు ఉన్నాయి. అంతకు కొన్నేళ్ళ ముందు సైక్స్ అనే మిలిటరీ అధికారి దక్కను పక్షుల జాబితా ఒకటి తయారుచేసి ఉన్నారు. జెర్డన్ లెక్క దానికి దాదాపు రెట్టింపు. అది కూడా దేశానికి వచ్చిన మూడేళ్ళలో, రోగులను చూసుకుంటూ చేసిన పని.

1841లో నీలగిరికి వెళ్ళినప్పుడు అక్కడ ఫ్లోరా అనే ఆమెను పెళ్ళి చేసుకున్నారు. ఆమెకు పూలమొక్కలంటే ప్రాణం, బొమ్మలు గీసేవారు. ఇంట్లో ఒకరు పిట్టల వెనక, ఒకరు పూల వెనక. ఆ తర్వాత జెర్డన్‌కు నెల్లూరు సివిల్ సర్జన్ ఉద్యోగం వచ్చింది. మన కథకు ఇదే ముఖ్యమైన చోటు.

నెల్లూరుకు పడమట వెలికొండలు. ఆ కొండలకు అటుపక్క కడప సీమ. నడుమ అంతా రాళ్ళ నేల, ముళ్ళ పొదలు, చిట్టడవి. ఆ అడవిని ఇల్లుగా చేసుకుని బతికేవాళ్ళు యానాదులు. తేనె తీయడం, గడ్డలు తవ్వడం, ఉచ్చు వేసి చిన్న జంతువులు పట్టడం వాళ్ళకు పుట్టుకతో వచ్చిన విద్య. ఏ పిట్ట ఎక్కడ గుడ్డు పెడుతుందో, ఏ పాము దేన్ని తింటుందో, ఏ కూత ఏ వేళలో వినిపిస్తుందో వాళ్ళను అడిగితే చెప్తారు. జెర్డన్ ఆ మాట గ్రహించారు. వాళ్ళ దగ్గర కూర్చుని అడిగారు, విన్నారు, రాసుకున్నారు. పేరు మోసిన డాక్టరు, దొర, అడవి మనుషుల దగ్గర శిష్యుడిలాగా నేర్చుకోవడం ఆ కాలానికి చిన్న సంగతి కాదు. అయితే ఆయన పేరు నిలిచింది, ఆయనకు చెప్పినవాళ్ళ పేర్లు నిలవలేదు. ఇది కూడా మనం గుర్తుపెట్టుకోవాలి.

ఆ నెల్లూరు, కడప కొండసీమలోనే ఆయనకు ఒక కొత్త పిట్ట దొరికింది. కోడిపిల్ల కన్నా కాస్త పెద్దది. పొడుగు కాళ్ళు, పసుపు రంగు. పెద్ద కళ్ళు, కంటి పైన తెల్లటి వెడల్పు చార. గొంతు కింద ఇటిక రంగు మచ్చ, రొమ్ము మీద అడ్డంగా రెండు పట్టీలు. ఎగరడం కన్నా పరుగెత్తడం దీనికి ఇష్టం. పగలు పొదల్లో దాగి, చీకటి పడ్డాక బయటికి వస్తుంది. జెర్డన్ దాన్ని కలకత్తాలో ఏషియాటిక్ సొసైటీ మ్యూజియం చూసుకునే ఎడ్వర్డ్ బ్లైత్‌కు చేర్చారు. 1848లో బ్లైత్ దానికి శాస్త్రీయ నామం పెట్టి లోకానికి చెప్పారు. ఆ పేరులోని రెండో మాటకు రెండు కంటెలు వేసుకున్నది అని అర్థం. రొమ్ము మీది రెండు పట్టీలను చూసి పెట్టిన పేరు.

జెర్డన్ దీనికి రాసుకున్న తెలుగు పేరు అడవ ఊతతిత్తి లాంటి శబ్దం. ఇంగ్లీషు అక్షరాల్లో రాసినదాన్ని మళ్ళీ తెలుగులోకి తెచ్చుకోవాలి కదా, అక్కడే తంటా. దీన్ని ఉత్త తిత్తి అని విడగొట్టి, ఖాళీ సంచి అని కొందరు అర్థం చెప్పారు. వ్యాకరణం క్లాసులో పదం విడగొట్టడం నేర్చుకున్న మనకు ఆ అర్థం కుదరదని తెలిసిపోతుంది. పిట్టకూ ఖాళీ సంచికీ ఏం సంబంధం? తీతువు పిట్టను తెలుగునాట కొన్నిచోట్ల ఉత్తిత్తి అంటారు. అది దాని అరుపును పట్టి వచ్చిన పేరు. కాబట్టి ఆ యానాది మనిషి అడవిలో ఉండే తీతువు అని చెప్పి ఉంటాడని నాకు అనిపిస్తుంది. పొడుగు కాళ్ళు, నేలమీది పరుగు, రెండింటికీ పోలిక ఉంది. తమిళంలో తీతువుకు ఆళ్‌కాట్టి అని పేరు. మనిషి వస్తున్నాడని చూపించేది అని అర్థం. ఒకే పిట్టకు తెలుగు అరుపును బట్టి పేరు పెడితే, తమిళం అది చేసే పనిని బట్టి పెట్టింది. రెండు భాషలూ ఇంట్లో ఉన్న మాలాంటివాళ్ళకు ఈ తేడా చూస్తే భలే సంతోషం.

జెర్డన్ రాసిపెట్టిన ఇంకో పేరు చూడండి. కరిచ్చాన్ అని మేము తమిళంలో పిలిచే నల్లటి చీలుతోక పిట్ట ఉంది కదా, గొర్రెల వీపుల మీద, ఆవుల వీపుల మీద కూర్చుని పురుగులు పట్టేది. దానికి ఆయన విన్న తెలుగు పేరు పసుల పోలిగాడు. పసువులతోపాటు తిరిగే పోలిగాడట! పిట్టను కూడా ఊళ్ళో ఒక కుర్రాడిలాగా పిలిచిన వరస చూడండి. ఇలాంటి పేరు ఏ పండితుడూ కూర్చుని కల్పించలేడు. పసులు కాసేవాడి నోట్లోనే పుట్టాలి.

నెల్లూరు తర్వాత జెర్డన్ జీవితం త్వరగా చెప్తాను. 1843 నుంచి 1847 మధ్య మద్రాసులో 50 పక్షుల రంగుల బొమ్మల పుస్తకం తెచ్చారు. అందులో మన దేశపు చిత్రకారులు వేసిన బొమ్మలున్నాయి. చేత్తో రంగులు అద్దినవి. 1847లో మలబారు తీరాన తలశ్శేరికి సివిల్ సర్జన్‌గా వెళ్ళారు. పిట్టలతో ఆగకుండా చేపలు, పాములు, కప్పలు, చివరికి చీమలను కూడా వదల్లేదు. 1851లో దక్షిణ భారతదేశపు చీమల మీద వ్యాసం రాశారు. ఎగిరి దూకి వేటాడే ఒక చీమను శాస్త్రానికి మొదట పరిచయం చేసింది ఆయనే. ఈరోజు ప్రయోగశాలల్లో ఆ చీమ మీద ఎన్నో పరిశోధనలు జరుగుతున్నాయి.

ఆయన పెద్ద పుస్తకం భారతదేశపు పక్షులు. 1862 నుంచి 1864 మధ్య కలకత్తాలో వచ్చింది. వెయ్యికి పైగా పక్షుల వివరం. గవర్నర్ జనరల్ కానింగ్ ఆయనకు మిగతా డ్యూటీ తప్పించి ఈ పుస్తకం రాయడానికి వీలు కల్పించారు. గ్రంథాలయం లేని మారుమూల ఉద్యోగం చేసేవాడు కూడా ఈ పుస్తకం చేతపట్టుకుని తన ఎదుట ఉన్న పిట్ట ఏదో తేల్చుకోవాలని ఆయన తాపత్రయం. అంతకుముందు సమాచారం ఎక్కడెక్కడో పత్రికల్లో చెదిరి ఉండేది. చార్లెస్ డార్విన్ 1871లో మనిషి పుట్టుక మీద రాసిన పుస్తకంలో పక్షుల అధ్యాయాల్లో జెర్డన్‌ను చాలాచోట్ల ఆధారం చేసుకున్నారు. కాంగ్రెసు సంస్థను మొదలుపెట్టినవారిలో ఒకరుగా మనం చరిత్రలో చదివే ఏ.ఓ. హ్యూమ్ కూడా పెద్ద పక్షి శాస్త్రజ్ఞులే. ఆయన పనికి కూడా జెర్డన్ పుస్తకమే పునాది. 1868లో జెర్డన్ కొలువు విడిచారు, 1870లో ఇంగ్లండుకు తిరిగి వెళ్ళారు. 1872 జూన్ 12న లండను దగ్గర నార్వుడ్‌లో కన్నుమూశారు. వయసు 60.

మనిషి కథ అక్కడ అయిపోయింది. ఆయన పిట్ట కథ అవలేదు. అందరూ దాన్ని జెర్డన్ పేరుతోనే పిలవసాగారు. ఆయన తర్వాత భూగర్భ శాస్త్రజ్ఞుడు బ్లాన్‌ఫర్డ్‌కు గోదావరి లోయలో, భద్రాచలం, సిరొంచ వైపు కనబడింది. 1900లో అనంతపురం దగ్గర హోవర్డ్ కాంప్‌బెల్‌కు కనబడింది. అంతే. ఆ తర్వాత ఎవరికీ కంటపడలేదు. పదేళ్ళు, ఇరవై ఏళ్ళు, యాభై ఏళ్ళు. 1930ల్లో వెతికారు, 1970ల్లో వెతికారు. ఇంక లేదు, అంతరించిపోయింది అని చాలామంది తీర్మానించుకున్నారు.

ఎందుకు కనబడలేదు? రాత్రి తిరిగే పిట్టను పగలు వెతికితే ఎలా దొరుకుతుంది? పైగా అది కూసేది రోజులో కొద్దిసేపే, మునిమాపు చీకట్లో. రెండు శబ్దాల కూత, వెంటవెంటనే కొన్నిసార్లు కూసి ఊరుకుంటుంది. ఆ వేళకు అడవిలో ఉండేది ఎవరు? పుస్తకం చదివినవాళ్ళు బంగళాకు తిరిగి వచ్చేసి ఉంటారు. పొదల్లో ఉండేది వేటగాళ్ళు, పసుల కాపరులు, కట్టెలు కొట్టేవాళ్ళు.

1985 ప్రాంతంలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ మళ్ళీ వెతుకులాట మొదలుపెట్టింది. భరత్ భూషణ్ అనే యువ పరిశోధకులు కడప జిల్లాకు వచ్చారు. ఆయన చేసిన మంచి పని ఏందంటే, ఊళ్ళల్లో మనుషులకు పిట్ట బొమ్మ చూపించి, మీరు ఎప్పుడైనా చూశారా అని అడిగారు. చూశామన్నారు కొందరు. పుస్తకాల్లో చచ్చిపోయిన పిట్ట వాళ్ళ మాటల్లో బతికే ఉంది. దాని పేరు కలివికోడి. కలివి పొదల నీడన ఉండే కోడి. కలివి పండ్లు మీలో తిన్నవాళ్ళు ఉంటారు. ముళ్ళ చెట్టుకు కాసే నల్లటి చిన్న పండ్లు.

1986 జనవరిలో ఒక రాత్రి, రెడ్డిపల్లి దగ్గర లంకమల కొండల కింద పొదల్లో, ఐతన్న అనే స్థానిక వేటగారి టార్చి వెలుగులో ఒక పిట్ట కదలకుండా నిలబడిపోయింది. ఆయన దాన్ని ప్రాణంతో పట్టుకున్నారు. పొడుగు కాళ్ళు, రొమ్ము మీద రెండు పట్టీలు. కలివికోడే! 86 ఏళ్ళ తర్వాత. దేశమంతా పిట్టల వెనక తిరిగిన సలీం అలీ గారికి అప్పుడు 89 ఏళ్ళు. ఆయన జీవితకాలమంతా లేదనుకున్న పిట్ట ఆయన బతికి ఉండగానే ఉందని తేలింది. పట్టిన ఆ పిట్ట మాత్రం ఎక్కువ రోజులు బతకలేదు. ఆ బాధ కూడా ఈ సంతోషంలో కలిసే ఉంది. కానీ చుట్టుపక్కల ఇంకా ఉన్నాయని తర్వాత తెలిసింది.

దానివల్ల ఏమైందో చూడండి. 1988లో ఆ అడవిని శ్రీ లంకమల్లేశ్వర వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. అదే ఏడు ఆ పిట్ట బొమ్మతో తపాలా బిళ్ళ వచ్చింది. ఆ తర్వాత పరిశోధకులు కొత్త ఉపాయాలు కనిపెట్టారు. పొదల నడుమ మెత్తటి మట్టి పట్టీలుగా పరిచి, పొద్దున్నే వచ్చి ఏ కాలి గుర్తులు పడ్డాయో చూసేవారు. తమిళనాడుకు చెందిన పి. జగన్నాథన్ ఈ పనిలో ఏళ్ళ తరబడి ఉన్నారు. దానంతటదే ఫోటో తీసే కెమెరాలు పెట్టారు, సాయంత్రం దాని కూతను రికార్డులో వినిపించి బదులు వస్తుందా అని చెవి ఒగ్గి కూర్చున్నారు. 2005లో తెలుగుగంగ కాలువ తవ్వకం ఈ పిట్ట ఉన్న పొదల్లోకి వచ్చింది. మద్రాసుకు కృష్ణ నీళ్ళు తెచ్చే పథకం అది. అభ్యంతరాలు వచ్చాక కాలువ దారి మార్చారు. నీళ్ళు మనుషులకు కావాలి, పొదలు పిట్టకు కావాలి. రెండూ చూడాలంటే ముందు అక్కడ పిట్ట ఉందని తెలిసి ఉండాలి కదా.

అయినా కథ సుఖాంతం అని రాయలేను. 2009 తర్వాత చాలా ఏళ్ళు కలివికోడి మళ్ళీ కంటికి కనబడలేదు. పొదలు కొట్టేసి చేలు వేసినచోట, పొదలు మరీ దట్టంగా కమ్మేసినచోట కూడా అది ఉండలేదు. దానికి పొదా కావాలి, పొదకూ పొదకూ నడుమ పరుగెత్తడానికి నేలా కావాలి.

జెర్డన్ జీవితంలో నాకు నచ్చింది ఆయన కనుక్కున్న పక్షుల లెక్క కాదు. తెలియనిది తెలిసినవాళ్ళను అడగడం, వాళ్ళు చెప్పిన మాటను వాళ్ళ భాషలోనే రాసిపెట్టడం. 1840ల్లో యానాదులు చెప్పారు, 1986లో ఐతన్న చూపించారు. నడుమ 86 ఏళ్ళు పిట్ట ఎక్కడికీ పోలేదు. అడగాల్సిన మనిషిని అడగడానికి అంత కాలం పట్టింది.

అందుకే మీ అందరికీ ఒక మనవి. ఈ కాగితం పక్కనే ఒక ఖాళీ చార్టు అంటించాను. ఈ సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు మీ అవ్వనో తాతనో, పొలం పనికి వచ్చే పెద్దమ్మనో అడిగి, మీ ఊళ్ళో పిట్టలను తెలుగులో ఏమంటారో రాసుకొచ్చి దాంట్లో ఎక్కించండి. ఊరి పేరు, చెప్పినవారి పేరు కూడా రాయండి, అది మాత్రం మరిచిపోవద్దు. మేడమ్స్ కూడా తమ ఊళ్ళ పేర్లు రాస్తామన్నారు. మొదటి వరసలో నేను రాసేశాను: తీతువు, నాగలాపురం, మా అవ్వ.

– బి.ఎ. తెలుగు, రెండో సంవత్సరం